మెరుపు కోసం పోయే లోహం

ఖరీదైన వాచీని సర్వీసుకు ఇచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "పాలిష్ కూడా పెట్టించమంటారా?" అడిగేవాళ్లు మామూలుగా అడుగుతారు, మనమూ పెద్దగా ఆలోచించకుండా సరే అంటాం. పెళ్లికి మామగారు పెట్టిందో, అమెరికా నుంచి కొడుకు తెచ్చిందో, ఏళ్ల తరబడి కూడబెట్టి కొనుక్కున్నదో, కొత్తదానిలా తళతళలాడుతూ తిరిగొస్తే ఎవరికి చేదు? పెద్ద కంపెనీల సర్వీసు కేంద్రాలు చాలావాటిలో ఈ ప్రశ్న కూడా రాదు. పాలిష్ సర్వీసులో కలిసే ఉంటుంది. వద్దని ముందుగా చెబితేనే వదిలేస్తారు.

వద్దని చెప్పండి అన్నదే నా మాట. ఎందుకు వద్దో తెలియాలంటే ముందు అసలు మెరుపు అంటే ఏమిటో తెలియాలి. అందుకోసం వరంగల్ వాళ్లం ఎక్కడికో పోనక్కర్లేదు.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో, ఆలయానికీ కళ్యాణ మండపానికీ మధ్య కూర్చున్న నందిని చూడండి. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి అది. ఆ నల్లరాతి నంది ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. అక్కడి నుంచి ములుగు జిల్లా పాలంపేటకు పోతే, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి చూరు కింద మదనికలు, నాగిని అదే నలుపులో, అదే నునుపులో నిలబడి ఉంటారు. ఆ రాయి డోలరైట్. భూగర్భంలోంచి పైకి తన్నుకొచ్చిన శిలాద్రవం నెర్రెల్లో గడ్డకట్టగా ఏర్పడిన గట్టి రాయి. దాన్ని విరగ్గొట్టి చూస్తే లోపల అంత నలుపు కనిపించదు, బూడిద రంగులో ఉంటుంది. రాయి ఒకటే, రంగులు రెండు.

కారణం వెలుగు నడిచే తీరులో ఉంది. గరుకు ఉపరితలం మీద పడ్డ వెలుగు ఎగుడుదిగుళ్లకు తగిలి నలుదిక్కులా చెదురుతుంది. మనం ఎటు నిలబడినా అందులో కొంత మన కంటికి చేరుతుంది. అందుకే రాయి పాలిపోయినట్టు ఉంటుంది. ఆ ఎగుడుదిగుళ్లను అరగదీసి నునుపు చేస్తే పైనుంచి తిరిగి వచ్చే కొద్దిపాటి వెలుగు ఒకే దిక్కుకు పోతుంది. మిగతాది రాతిలోకి దిగి అక్కడే ఇంకిపోతుంది. దాంతో రాయి అసలు నలుపు బయటపడుతుంది. ఎంత నునుపు చేస్తే అద్దంలా మెరుస్తుందన్నదానికి లార్డ్ రేలీ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక కొలత ఇచ్చాడు. నిటారుగా పడే వెలుగైతే, ఎగుడుదిగుళ్ల ఎత్తు దాని తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతుకు మించకూడదు. ఆకుపచ్చ వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 550 నానోమీటర్లు. అంటే గరుకుదనం 70 నానోమీటర్ల లోపుకు దిగాలి. తల వెంట్రుక మందంలో అది దాదాపు వెయ్యోవంతు. యంత్రాలు లేని కాలంలో, చేతులతో, ఒంపులు తిరిగిన శిల్పం మీద ఆ నునుపు తెచ్చారు. ఆ శిల్పులు చేసిన పనిలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది ఇదే.

ఇప్పుడు అలాంటి నల్లరాతి మీద ఎవడో ఒక బుద్ధిహీనుడు పలుగురాతి ముక్కతో తన పేరు గీకాడనుకుందాం. గీత తెల్లగా కనిపిస్తుంది. అక్కడ తెల్లరంగు ఏదీ చేరలేదు, గరుకై వెలుగు చెదురుతోంది, అంతే. ఆ గీతను చెరపడం ఎలా? గీతలో రాయి నింపలేం. గీత అడుగు ఎంత లోతుందో అంత లోతు దాకా చుట్టూ ఉన్న రాతినంతా అరగదీయాలి. పొలంలో ఒకచోట గుంత పడితే, మన్ను తెచ్చి పూడ్చే వీలు లేక, పొలం మొత్తాన్ని గుంత అడుగు దాకా తవ్వి చదును చేసినట్టు. పేరు పోతుంది. దానితో పాటు శిల్పి చెక్కిన పైపొర కూడా పోతుంది. 1922లో పాలంపేట గుళ్ల మీద పుస్తకం రాసిన గులాం యాజ్దానీ కాలం నుంచి నేటి దాకా పురావస్తు శాఖ పని రాళ్లను నిలబెట్టడం, కడగడం, పడిపోకుండా చూడటం. పాత శిల్పానికి కొత్త మెరుగు పెట్టడం ఆ పనిలో లేదు. రక్షిత కట్టడాన్ని పాడుచేసినవాడికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడేలా 2010లో చట్టాన్ని సవరించారు. గీసినదాన్ని మళ్లీ గీయనట్టు చేయలేం గనకే అంత శిక్ష.

వాచీ కేసు మీది గీతకూ ఇదే లెక్క. 20 మైక్రాన్ల లోతు గీతను చెరపాలంటే ఆ ముఖం అంతటా 20 మైక్రాన్ల లోహాన్ని తీసేయాలి. పది చదరపు సెంటీమీటర్ల ఉక్కు ముఖమైతే గ్రాములో ఆరో వంతు. 18 క్యారెట్ల బంగారం కేసయితే అటూ ఇటుగా 0.3 గ్రాములు. బరువుగా చూస్తే ఇది చిన్న నష్టమే, దానికోసం నేను ఇంత రాయను. పోయేది ఎక్కడి నుంచి పోతుందన్నదే అసలు సంగతి. దానికి పాలిష్ ఎలా పనిచేస్తుందో చూడాలి.

పాలిష్ అంటే ఏమిటన్న ప్రశ్న మీద శాస్త్రవేత్తలు రెండు శతాబ్దాలకు పైగా వాదించుకున్నారు. గాజును సన్నని పొడితో రుద్దితే గీతలు పోవని, కంటికి ఆననంత సన్నగా మారతాయని న్యూటన్ 1704లో అచ్చయిన తన ఆప్టిక్స్‌లో అన్నాడు. జార్జ్ బీల్బీ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని ఒప్పుకోలేదు. రాపిడికి లోహం పైపొర ద్రవంలా పారి, గుంతలను కప్పేసి, స్ఫటిక నిర్మాణం లేని పలచని పొరగా గడ్డకడుతుందని 1921లో తన పుస్తకంలో ప్రతిపాదించాడు. అదే నిజమైతే పాలిష్ వల్ల లోహం పోదు, అటూ ఇటూ సర్దుకుంటుంది. మనకు అంతకన్నా ఏం కావాలి! 1937లో బౌడెన్, హ్యూజ్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం బీల్బీ మాటకు కొంత బలమిచ్చింది కూడా. వాళ్లు లోహాలను కర్పూరంతో పాలిష్ చేశారు, మనం హారతికి వెలిగించే కర్పూరంతోనే. అది 178 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 70 డిగ్రీల దగ్గరే కరిగిపోయే వుడ్స్ మెటల్ అనే మిశ్రమానికి కర్పూరం చక్కగా మెరుపు తెచ్చింది. 232 డిగ్రీల దగ్గర కరిగే తగరాన్ని మాత్రం పెద్దగా ఏమీ చేయలేకపోయింది. గట్టిదనం కన్నా కరిగే ఉష్ణోగ్రతే ముఖ్యమని, రాపిడి తగిలిన చోట లోహం క్షణకాలం కరుగుతోందని వాళ్లు తేల్చారు.

చక్కని ప్రయోగమే. అయితే వాచీ కేసులు చేసే గట్టి లోహాలకు వచ్చేసరికి చివరికి న్యూటనే గెలిచాడు. 1950ల నుంచి ఆస్ట్రేలియాకు చెందిన లెనర్డ్ శామ్యూల్స్ లాంటి లోహశాస్త్రవేత్తలు మైక్రోస్కోపుల కింద చూపించిందేమిటంటే, పాలిష్ పేస్టులోని ప్రతి రేణువూ ఒక చిన్న ఉలి. అది సన్నని పెళ్లలను కోసుకుంటూ పోతుంది. కింద కొంత పొర నలిగి గట్టిపడే మాటా నిజమే. కానీ పేస్టు నల్లబడుతోందంటే ఆ నలుపు మన వాచీ లోహమే.

ఏ చోట ఎంత కోస్తుంది? దీనికి 1927లో ప్రెస్టన్ అనే గాజు నిపుణుడు సూత్రం చెప్పాడు. అరుగుదల ఒత్తిడికీ, వేగానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. ఇంతకన్నా సరళమైన సూత్రం ఉండదు. నేటికీ కంప్యూటర్ చిప్పుల పరిశ్రమలో సిలికాన్ పలకలను చదును చేసేవాళ్లు ఇక్కడి నుంచే లెక్క మొదలుపెడతారు. దీన్ని వాచీ మీదికి తెద్దాం. నిమిషానికి 2,800 చుట్లు తిరిగే 15 సెంటీమీటర్ల బఫింగ్ చక్రం అంచు వేగం గంటకు దాదాపు 80 కిలోమీటర్లు. చక్రం గుడ్డదో, నమదాదో, మెత్తగా ఉంటుంది. కేసు చదునైన ముఖాన్ని దానికి ఆనిస్తే నొక్కే బలం ముఖమంతా పరుచుకుంటుంది, ఒత్తిడి తక్కువ. ముఖం అంచు తగిలిందా, అదే బలం సన్నని గీత మీద పడుతుంది, ఒత్తిడి ఎన్నో రెట్లు. పైగా చక్రం మెత్తనిది కాబట్టి అంచు చుట్టూ వంగి దాన్ని రెండు వైపుల నుంచీ కోస్తుంది. చదును ముఖం మీద ఒక పాలు అరిగేలోగా అంచు దగ్గర పది పాళ్లు అరగవచ్చు.

మంచి వాచీలో విలువంతా ఆ అంచుల్లోనే ఉంది. ఐ గ్లాసు కంటికి పెట్టుకుని పట్టీ బిగించే చెవి దగ్గర చూడండి. పైముఖం మీద ఒకే దిక్కుకు సాగిన సన్నని గీతలు కనిపిస్తాయి. అవి కావాలని తెచ్చినవి. పక్కముఖం అద్దం. రెండూ కలిసే చోట మిల్లీమీటరు కూడా లేని వాలు పట్టీ ఒకటి చెవి మొదటి నుంచి కొస దాకా కొంచెం కొంచెంగా వెడల్పు అవుతూ పోతుంది. దానికి అటు ఒక గీత, ఇటు ఒక గీత, కత్తితో కోసినట్టు ఉంటాయి. వాచీ తిప్పితే వెలుగు ఒక ముఖం మీద ఆరిపోయి పక్కదాని మీద ఒక్కసారిగా వెలుగుతుంది. డిజైనర్ గీసిన బొమ్మ అదే. మెత్తని చక్రం మీద రెండు మూడు సార్లు పాలిష్ అయిన చెవి ఎలా ఉంటుందో కూడా చూడండి. వాలు పట్టీ జాడ ఉండదు, గీత ఉండాల్సిన చోట గుండ్రని ఒరుపు ఉంటుంది, వెలుగు ఒక ముఖం నుంచి ఇంకోదాని మీదికి జారిపోతుంది. తళతళ మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. జపాన్ సీకో వాళ్లు 1967లో తెచ్చిన 44జీఎస్ వాచీకి పేరు తెచ్చింది కూడా వంకర లేని అద్దపు ముఖాలు, వాటి మధ్య పదునైన అంచులే. జరాట్సు అని వాళ్లు పిలిచే ఆ పనిలో కేసును తిరిగే గట్టి పళ్లెం ముఖానికి ఆనించి పడతారు, కోణం చేతి అంచనాతో నిలుపుతారు. ఏళ్ల తరబడి చేస్తే తప్ప చేయి కుదరని పని అది.

"మరి గీతలు అలాగే ఉండనివ్వాలా, తుప్పు పట్టదా?" అని అడుగుతారు. పట్టదు. స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం గాలి తగలగానే ఆక్సైడ్ పొరగా మారుతుంది. కొద్ది నానోమీటర్ల మందం ఉండే ఆ పొరే ఉక్కును కాపాడుతుంది. గీత పడితే ఆ చోట కొత్త పొర వెంటనే పుట్టుకొస్తుంది. వాచీల్లో ఎక్కువగా వాడే 316ఎల్ ఉక్కులో చెమటలోని ఉప్పును తట్టుకోవడానికి రెండు మూడు శాతం మాలిబ్డినం కూడా కలుపుతారు. గీత వల్ల వాచీకి జబ్బేమీ రాదు.

అసలు ఆ గీతలు ఎక్కడివన్నది ఆసక్తికరమైన సంగతి. చొక్కా గుడ్డ ఉక్కును గీయలేదు. గుడ్డకూ ఉక్కుకూ మధ్య ఇరుక్కున్న దుమ్ము గీస్తుంది. హనుమకొండ గుట్టల నుంచి కరీంనగర్ క్వారీల దాకా మనది గ్రానైట్ నేల. గ్రానైట్ చివికితే మిగిలేది క్వార్ట్జ్ రేణువు, అదే మన ఇసుక. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 7, ఉక్కు దానికి చాలా కిందే ఉంటుంది. వాచీ మీది సఫైర్ గాజు 9. అందుకే పదేళ్లు కట్టిన వాచీకి అద్దం కొత్తగానే ఉండి కేసు గీతలు పడుతుంది. పాలిష్ పెట్టించి ఇంటికి తెచ్చుకున్న మర్నాడే మళ్లీ అదే దుమ్ములో తిరుగుతాం. అద్దంలాంటి ముఖం మీద మొదటి గీత మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మళ్లీ పాలిష్, మళ్లీ అంచు మీద కోత.

మురికి సంగతి వేరు. మురికి తీయడాన్నీ లోహం తీయడాన్నీ జనం కలిపేస్తారు. హైదరాబాద్ దారిలో జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద తరతరాలుగా నగిషీ చెక్కుతున్నారు. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన పని అది. అలాంటి ఇత్తడి వస్తువు నల్లబడితే ఇంట్లో రెండు రకాలుగా తోముతారు. చింతపండు పెట్టి తోమితే అందులోని టార్టారిక్ ఆమ్లం పైన పేరుకున్న ఆక్సైడ్‌ను కరిగిస్తుంది, కింది లోహం దాదాపు అలాగే ఉంటుంది. ఇటుక పొడితో తోమితే ఆక్సైడ్‌తో పాటు నగిషీ కూడా ఏటేటా అరిగిపోతుంది. వాచీకి కావలసింది చింతపండు తరహా శుభ్రత. లోపలి యంత్రం మొత్తం తీసేశాక ఖాళీ కేసును అల్ట్రాసోనిక్ తొట్టిలో వేస్తారు. సెకనుకు వేల సార్లు కంపించే నీటిలో పుట్టి పగిలే సూక్ష్మ బుడగలు చెమట, సబ్బు, చర్మపు పొట్టు అన్నీ సందుల్లోంచి లాగేస్తాయి. ఉక్కు ఒక్క మైక్రాన్ కూడా తగ్గదు. పాలిష్ లేకుండా కడిగి ఇచ్చిన వాచీని చూసి "ఇది నాదేనా" అనుకున్నవాళ్లున్నారు. మందగించిందనుకున్న మెరుపులో చాలా భాగం జిడ్డు కింద దాక్కున్నదే.

మెరుగు ఎక్కడా వద్దని నేను అనను. యంత్రం లోపల అది ప్రాణంతో సమానం. నేటి మెకానికల్ వాచీలు చాలావాటిలో బ్యాలెన్సు చక్రం సెకనుకు ఎనిమిది సార్లు కొట్టుకుంటుంది, ఏడాదికి 25 కోట్ల పైచిలుకు. ఆ చక్రం నిలిచే ఇరుసు కొసల మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. నూనె ఎండి అవి గరుకైతే వాచీ ఆలస్యంగా నడుస్తుంది, చివరికి ఆగుతుంది. వాటిని నునుపు చేసే పద్ధతి వేరే. గట్టి ఉక్కు పలకతో నొక్కి రుద్దుతారు, కోయరు. పైపొర అణిగి, గట్టిపడి, మెరుస్తుంది. బీల్బీ ఊహించినట్టు లోహం కదిలి సర్దుకునేది ఇక్కడ కొంతవరకు నిజం. సర్వీసు డబ్బు న్యాయంగా ఖర్చు కావలసింది ఈ పని మీద, కొత్త నూనె మీద, నీరు చొరకుండా ఆపే రబ్బరు రింగుల మీద.

పూత వాచీల సంగతి రెండు మాటల్లో చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పాలిష్ చేసే నష్టం తిరుగులేనిది. 1961లో సిటిజెన్ కంపెనీ సాయంతో మొదలై 2016లో మూతపడ్డ హెచ్‌ఎంటీ వాచీ మా పెద్దల తరానికి లగ్జరీయే. జీతంలోంచి మిగిల్చి కొన్నది, ఉద్యోగ విరమణ నాడు చేతికి కట్టింది. ఆ వాచీలు చాలావాటి కేసు ఇత్తడి, పైన నికెల్, దాని పైన క్రోమ్. ఆ క్రోమ్ మందం సాధారణంగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. బఫ్ మీద కొన్ని క్షణాలు పడితే పసుపు కనిపిస్తుంది. పాత స్విస్ వాచీల వెనుక 20 మైక్రాన్లని ముద్ర ఉంటే బంగారు పూత అంతేనని అర్థం. మనం పైన వేసుకున్న లెక్కలో ఒక్క గీత లోతు అది.

బంగారం కేసుల్లో ఇంకో చిక్కుంది. నగ మీద 916 ముద్ర, 2021 నుంచి దాని పక్కన వస్తున్న ఆరక్షరాల గుర్తింపు సంఖ్య ఎంత ముఖ్యమో మనకు తెలుసు. స్విస్ బంగారు వాచీ మీద అలాగే 1995 నుంచి సెయింట్ బెర్నార్డ్ కుక్క తల ముద్ర ఉంటుంది. పాత రోలెక్స్‌లైతే సీరియల్ నంబరు పట్టీ చెవుల మధ్య కేసు మీదే చెక్కి ఉండేది. ఇవన్నీ లోతు తక్కువ రాతలు. పాలిష్‌కు మసకబారితే వాచీ తన ఊరూ పేరూ పోగొట్టుకున్నట్టే. పాత వాచీలు కొనేవాళ్లు పాలిష్ పడని కేసుకు ఎక్కువ ధర పెట్టేది ఇందుకే. 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో నటుడు పాల్ న్యూమన్ వాడిన రోలెక్స్ డేటోనా 1.77 కోట్ల డాలర్లకు పైగా పలికింది. కారు పందేల పిచ్చి ఉన్న ఆయనకు జాగ్రత్తగా నడపమని భార్య దాని వెనుక మూత మీద చెక్కించింది. ఎవరైనా శ్రద్ధగా పాలిష్ పెట్టి ఆ మాటను అరగదీసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మన ఇంట్లో వాచీ కోట్లు పలకదు. కానీ నాన్న బల్ల అంచుకు కొట్టుకుని చేసిన సొట్ట మనకు ఆయన చేతిరాత లాంటిదే కదా.

చేయించక తప్పని సందర్భాలు ఉన్నాయి. లోహం లేచి చర్మాన్ని కోస్తుంటే ఆ ముల్లును తీయించాలి. అద్దం చుట్టూ ఉండే రింగు సొట్టపడి కూర్చోకపోయినా, వెనుక మూత కింద చెమటకు గుంతలు పడి రబ్బరు రింగు పట్టకపోయినా అది మరమ్మతు, అందం కోసం చేసే పని కాదు. లోతైన గుంతకు నేడు లేజర్ వెల్డింగ్ ఉంది. అదే లోహపు సన్నని తీగను కరిగించి గుంతలో నింపి, తరువాత గట్టి పళ్లెం మీద ఆ ముఖం వరకే చదును చేస్తారు. పొలంలోకి మన్ను తెచ్చి పోయడం ఇప్పుడు కుదురుతోందన్నమాట. మెత్తని చక్రం అరగదీసిన అంచును కూడా ఇలా మళ్లీ కట్టవచ్చు. అది మంచి చేతుల్లోనే పడాలి, ఖర్చూ గట్టిగానే అవుతుంది. పైగా వచ్చేది మరో పనివాడు ఊహించి కట్టిన అంచు.

ఎవరు ఏ పాలిష్ చేసినా, యంత్రం కేసులో ఉండగా బఫ్ మీద పెట్టనివ్వకండి. వేడికి రబ్బరు రింగులు చెడతాయి, పాలిష్ పొడి కీ తిప్పే పిడి సందులోంచి లోపలికి చొరబడి ఇరుసులను కోస్తుంది. సర్వీసుకు ఇచ్చే ముందు నాలుగు చెవులనూ, వెనుక మూతనూ పగటి వెలుగులో దగ్గరగా ఫోటో తీసి పెట్టుకోండి. రసీదు మీద "కేసు కడగడం వరకే, పాలిష్ వద్దు" అని వాళ్ల చేతనే రాయించండి. నోటిమాట వర్క్‌షాపు దాకా చేరదు. కౌంటర్లో విన్నవాళ్లు ఒకరు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చక్రం ముందు కూర్చునేవాళ్లు మరొకరు.